కొత్త చక్రాలు, హైవే మీద కొత్త అదురు: బ్యాలెన్సింగ్ మెషీన్‌కి కనిపించనిది ఏమిటి?

పికప్ ట్రక్కుకి రిమ్ములూ టైర్లూ మార్పించిన తర్వాత వచ్చే ఫిర్యాదు దాదాపు అందరిదీ ఒకటే. ఊళ్లో తిరిగినంతసేపూ బండి హాయిగా ఉంటుంది. హైవే ఎక్కి 90 దాటగానే స్టీరింగ్ సన్నగా వణకడం మొదలవుతుంది. 100 దగ్గర సీటూ, లోపలి అద్దమూ అందుకుంటాయి. ఇంకాస్త తొక్కి 115 దాటితే ఒక్కోసారి అదే సర్దుకుంటుంది. షాపుకి వెళ్తే మళ్లీ బ్యాలెన్సింగ్ చేస్తారు, స్క్రీన్ మీద నాలుగు చక్రాలకీ సున్నా చూపిస్తారు. హైవే ఎక్కితే మళ్లీ అదే కథ. మూడోసారి వెళ్లేసరికి "టైర్లలో ఏం లేదు సార్, బండిలోనే ఏదో ఉంది" అని చేతులు దులిపేసుకుంటారు.

ఆ సున్నా అబద్ధం కాదు. కాకపోతే అది సగం విషయమే చెబుతుంది. మెషీన్ చక్రాన్ని తన షాఫ్ట్‌కి బిగించుకుని, గాలిలో, ఏ బరువూ మోయించకుండా తిప్పి చూస్తుంది. బండి కింద అదే చక్రం వేరే హబ్‌కి (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి), వేరే నట్లతో బిగించి, ఐదారు వందల కిలోలు మోస్తూ రోడ్డు మీద దొర్లుతుంది. అందుకే అదురుకి కారణం వెతికేటప్పుడు మూడు విషయాలు విడివిడిగా చూడాలి. చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందా? బరువు మోస్తూ దొర్లేటప్పుడు అది గుండ్రంగా ఉంటోందా? బండి హబ్ మీద సరిగ్గా మధ్యలో కూర్చుందా? మామూలు బ్యాలెన్సింగ్ మెషీన్‌కి తెలిసేది మొదటిది ఒక్కటే. మిగతా రెండిటి జోలికి పోకుండా దాన్నే నాలుగుసార్లు చేయించడం వల్ల ఖర్చు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

వివరాల్లోకి వెళ్లే ముందు ఒక జాగ్రత్త. చక్రాలు మార్చిన కొత్తలో అదురు రోజురోజుకీ పెరుగుతుంటే, లేదా దానితోపాటు టకటకమనే చప్పుడు వస్తుంటే పరీక్షలూ గిరీక్షలూ తర్వాత. బండి పక్కకి ఆపి ముందు వీల్ నట్లు చూడండి. నట్లు వదులైన చక్రం మొదట్లో అచ్చం బ్యాలెన్సింగ్ సమస్యలాగే అదురుతుంది. అలాగే టైరు మీద ఎక్కడైనా బుడిపెలాగా ఉబ్బు కనిపిస్తే ఆ టైరుతో హైవే ఎక్కకండి. టైరు లోపల రబ్బరు కింద చుట్టూ ఉండే బెల్టు విడిపోతోందన్న అనుమానం అక్కడ గట్టిగా పెట్టుకోవాలి.

ఆ స్పీడులోనే ఎందుకు?

పికప్‌లకి బాగా వాడే 265/70 ఆర్ 17 టైరునే తీసుకుందాం. దాని చుట్టుకొలత సుమారు రెండున్నర మీటర్లు. గంటకి 100 కి.మీ. వేగమంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. అంటే ఆ చక్రం సెకనుకి 11 సార్లు తిరుగుతుంది. చక్రంలో ఒకచోట ఏ లోపం ఉన్నా అది సెకనుకి 11 దెబ్బలుగా బండికి చేరుతుంది.

ఇప్పుడు రిమ్ము అంచు దగ్గర 30 గ్రాముల బరువు ఎక్కువుందనుకోండి. చేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత బరువు. 100 దగ్గర అది చక్రాన్ని దాదాపు 3 కిలోల బలంతో బయటికి లాగుతుంది, అదీ సెకనుకి 11 సార్లు దిశ మారుస్తూ. ఈ బలం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అందుకే 50 దగ్గర అదే 30 గ్రాములు ముప్పావు కిలో బలమే చూపిస్తాయి, మనకి తెలియను కూడా తెలియదు.

అయితే వేగంతోపాటు పెరుగుతూనే పోవాల్సింది 115 దగ్గర ఎందుకు తగ్గుతుంది? చక్రం, హబ్, బ్రేకు, యాక్సిల్ కలిసిన బరువంతా ఒకపక్క టైరు మీద, ఇంకోపక్క సస్పెన్షన్ స్ప్రింగు మీద ఊగుతూ ఉంటుంది. ఆ ఊగుడికి తనదైన వేగం ఒకటి ఉంటుంది. సాధారణంగా అది సెకనుకి 10 నుంచి 15 సార్ల మధ్య. చక్రం తిరిగే వేగం దీనితో కలిసిన చోట చిన్న దెబ్బ కూడా పెద్దదిగా తెలుస్తుంది, ఆ వేగం దాటాక మళ్లీ సద్దుమణుగుతుంది. కాబట్టి "115 దాటి పోతే సరిపోతుంది కదా" అనుకోవడం తప్పు. లోపం అక్కడే ఉంటుంది, బలం ఇంకా పెరుగుతుంది కూడా. దానికి సస్పెన్షన్ వంత పాడటం మానేసిందంతే.

ఇంకొక చిత్రం. కొందరికి అదురు ఒకే తీరుగా ఉండదు. నాలుగైదు సెకన్లు బాగా వచ్చి, కాసేపు మాయమై, మళ్లీ వస్తుంది. రోడ్డు వల్ల అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు రెండు చక్రాల్లో లోపం ఉండటం. ఏ రెండు టైర్ల చుట్టుకొలతా అచ్చం ఒకటి కాదు. కాబట్టి ఒకటి ఇంకోదానికంటే రవ్వంత ముందు తిరుగుతుంటుంది. రెండిటి దెబ్బలూ ఒకేసారి పడినప్పుడు అదురు పెరుగుతుంది, ఒకదానికొకటి ఎదురుపడినప్పుడు చల్లారుతుంది. పొడుగాటి మలుపు తిరిగాక అదురు తీరు మారిందంటే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరుగుతుంది, దాంతో రెండిటి పొంతన మారిపోతుంది.

బండినే అడిగి చూడటం

రిపేరుకి ముందు ఒక మంచి రోడ్డు మీద, ట్రాఫిక్ లేని సమయంలో, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని వెళితే సగం విషయం తేలిపోతుంది. మొదట తేల్చాల్సింది అదురు బండి వేగంతో వస్తోందా, ఇంజిన్ వేగంతో వస్తోందా అన్నది. 100 దగ్గర టాప్ గేరులో అదురు వస్తోందనుకోండి. అదే వేగంలో ఒక గేరు తగ్గించండి. ఇంజిన్ ఆర్పీఎం పెరుగుతుంది, చక్రాల వేగం మారదు. అదురు అలాగే ఉంటే ఇంజిన్‌ని, దాని మౌంటింగులని పక్కన పెట్టేయొచ్చు.

తర్వాత యాక్సిలరేటర్. కాలు నొక్కితే ఎక్కువై, వదిలితే తగ్గే అదురు టైర్లది కావడం అరుదు. ఇంజిన్ వైపు నుంచి యాక్సిల్‌కి శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని కీళ్లయిన యూజే క్రాస్‌ల వైపు చూడాలి. బ్రేకు నొక్కినప్పుడే వస్తే డిస్కులు. తొక్కినా వదిలినా ఒకేలా ఉంటూ, వేగాన్ని మాత్రమే అంటిపెట్టుకుని ఉంటే చక్రాల దగ్గరే ఏదో ఉంది.

స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటూ ఫ్లోరూ వణికితే వెనక చక్రాలు అని అందరూ చెప్పేదే. ఎక్కువసార్లు నిజమే. కానీ చాసిస్ మీద కూర్చున్న పికప్‌లో వెనక అదురు పొడుగాటి ఫ్రేమ్ వెంట పాకి ముందుకి కూడా వస్తుంది. కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడకుండా ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడటం మంచిది. అదురు చోటు మారితే చక్రాలతోపాటు లోపం కూడా ప్రయాణించిందన్నమాట. మారకపోతే బండివైపు చూడాలి.

చేతిలో ఉన్న ఫోను కూడా ఇక్కడ పనికొస్తుంది. ఫోనులో కదలికని కొలిచే సెన్సర్ ఉంటుంది, దాన్ని చదివి సెకనుకి ఎన్నిసార్లు అదురుతోందో గ్రాఫుగా చూపించే యాప్‌లు దొరుకుతాయి. పక్కన కూర్చున్నవాళ్లు ఫోనుని సీటు పట్టాలకో, మధ్య కన్సోల్‌కో గట్టిగా ఆనించి పట్టుకోవాలి. పైన లెక్క వేసిన టైరుతో 100 దగ్గర గ్రాఫులో ఎత్తు 11 హెర్ట్జ్ (సెకనుకి 11 సార్లు) దగ్గర వస్తే చక్రం. డిఫరెన్షియల్ నిష్పత్తి 3.73 అయిన బండిలో ప్రొపెల్లర్ షాఫ్ట్ చక్రం కంటే 3.73 రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే 41 దగ్గర కనిపిస్తుంది. యూజే క్రాస్ కోణం తప్పితే షాఫ్ట్ ఒక్క చుట్టుకి రెండు దెబ్బలు కొడుతుంది, అంటే 82. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2000 ఆర్పీఎం దగ్గర కొట్టేది 67 చుట్టూ ఉంటుంది. 11 అంటే చేతికి విడివిడిగా తెలిసే కుదుపు. 41 అంటే జుమ్మని మోగే అదురు. 82 దాదాపు చెవికి వినిపించే గుంయ్‌కారం. అలవాటైన మెకానిక్‌లు ఫోను లేకుండానే వేళ్లతో ఈ తేడా పట్టేస్తారు.

ఇంకా సులువైనది, అన్నిటికంటే నమ్మదగినది ఒకటుంది. పాత చక్రాలు ఇంకా ఇంట్లోనే ఉంటే అవి నాలుగూ తిరిగి వేసి అదే రోడ్డు మీద అదే వేగంలో వెళ్లి చూడండి. అదురు పోతే కొత్త రిమ్ము, టైరు, వాటి బిగింపు, ఈ మూడింటిలోనే వెతకాలి. పోకపోతే కొత్త చక్రాల మీద నేరం మోపడం ఆపాలి. అందుకే పాత సెట్టుని ఎక్స్ఛేంజిలో ఇచ్చేయడానికి ఒక వారం ఆగడం తెలివైన పని.

చక్రం మధ్యలో కూర్చుందా?

నా దృష్టిలో, రిమ్ములు మార్చిన పికప్‌లలో అందరికంటే ముందు చూడాల్సిన, అందరూ ఆఖర్న చూసే చోటు ఇదే.

ఒక ఉదాహరణ. 4 బై 4 టొయోటా హైలక్స్, ఇసుజు డి-మ్యాక్స్, ఫోర్డ్ రేంజర్, ఈ మూడింటికీ ఆరు బోల్టులే, ఆ బోల్టులు 139.7 మి.మీ. వృత్తం మీదే ఉంటాయి. కాబట్టి బయట కొన్న ఒకే రిమ్ము మూడింటికీ ఎక్కుతుంది. అయితే మధ్యలో హబ్ మూతి సైజు మాత్రం వేరు. హైలక్స్‌కి 106.1, డి-మ్యాక్స్‌కి 100.1, రేంజర్‌కి 93.1 మి.మీ. మూడింటికీ అమ్ముకోవాలి కాబట్టి రిమ్ము చేసేవాళ్లు మధ్య రంధ్రాన్ని పెద్ద సైజుకే కోస్తారు. ఆ రిమ్ముని రేంజర్‌కి వేస్తే హబ్ చుట్టూ ఆరున్నర మి.మీ. ఖాళీ మిగులుతుంది. కంపెనీ రిమ్ము హబ్ మూతి మీద బిగుతుగా కూర్చుని దానంతట అదే మధ్యకి వస్తుంది. ఈ రిమ్ముని మధ్యకి తేవాల్సింది నట్లు ఒక్కటే.

నట్లు ఆ పని చేయలేవని కాదు. టేపర్ ఉన్న (మొన వైపు సన్నబడే) ఆరు నట్లు సరిగ్గా బిగిస్తే చక్రం మధ్యకే వస్తుంది. కానీ చక్రం కింద ఆనుకుని ఉండగానే గన్‌తో ఒక నట్టుని బర్రుమని బిగించేస్తే ఆ పక్కకి ఒరిగిపోయి కూర్చుంటుంది. మిగతా ఐదూ దాన్ని అక్కడే తాళం వేస్తాయి.

ఎంత ఒరిగితే నష్టం? లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. రిమ్ము, ట్రక్ టైరు కలిపి 35 కిలోలనుకుందాం. అది మధ్య నుంచి అర మిల్లీమీటరు జరిగితే రిమ్ము అంచున దాదాపు 80 గ్రాముల బరువు అతికించినట్టే. మెషీన్ మీద ఐదు గ్రాముల వరకూ సరిచూసి పంపిన చక్రం, నట్లు బిగించే తీరు వల్ల 80 గ్రాముల తేడాతో హైవే ఎక్కుతుందన్నమాట. ఎన్నిసార్లు మెషీన్ ఎక్కించినా అక్కడ సున్నాయే వస్తుంది, ఎందుకంటే మెషీన్ దాన్ని మధ్య రంధ్రం ఆధారంగా పట్టుకుంటుంది, బండి బోల్టు రంధ్రాల ఆధారంగా పట్టుకుంటుంది. రెండు ఆధారాలూ ఒకదానితో ఒకటి అతకాలని లేదు.

దీనికి రెండు పరిష్కారాలు. హబ్‌కీ రిమ్ముకీ మధ్య ఖాళీని సరిగ్గా నింపే హబ్ రింగులు ఒకటి. ప్లాస్టిక్‌వి, అల్యూమినియంవి రెండూ ఉన్నాయి. ప్లాస్టిక్ రింగు బరువు మోయలేదని భయపడేవాళ్లుంటారు. దాని పని బరువు మోయడం కాదు. నట్లు బిగిసేదాకా చక్రాన్ని మధ్యలో నిలబెట్టడమే. బిగించాక బరువు మోసేది హబ్ ముఖానికీ రిమ్ముకీ మధ్య ఉన్న పట్టు. రెండోది, బ్యాలెన్సింగ్ చేసేటప్పుడు మధ్య రంధ్రంలో దూర్చే కోన్‌తో పాటు బోల్టు రంధ్రాల్లో వేళ్లు పెట్టి పట్టుకునే ఫ్లాంజ్ ప్లేటు వాడమనడం. అప్పుడు మెషీన్ కూడా బండిలాగే చక్రాన్ని పట్టుకుంటుంది. రింగులతో పని లేకుండా ఉత్త నట్ల మీద కూర్చునే రిమ్ములకి ఈ ప్లేటు లేకుండా చేసిన బ్యాలెన్సింగ్‌ని నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఇక నట్లు. రిమ్ము మారితే నట్లు కూడా మారాలన్న సంగతి చాలామందికి తట్టదు. బయటి రిమ్ములకి ఎక్కువగా 60 డిగ్రీల టేపర్ కూర్పు ఉంటుంది. కొన్ని కంపెనీ రిమ్ములకి గుండ్రటి కూర్పు, టొయోటా టాకోమా కంపెనీ అలాయ్‌ల వంటి వాటికి వాషర్‌తో బల్లపరుపుగా కూర్చునే నట్లు ఉంటాయి. బల్లపరుపు నట్టుని టేపర్ రంధ్రంలో బిగిస్తే అది చక్రాన్ని మధ్యకి తేదు సరికదా, అంచు మీద మాత్రమే ఆనుకుని కొన్నాళ్లకి వదులైపోతుంది. ఇది అదురుతో ఆగే విషయం కాదు, చక్రం ఊడిపోయే విషయం.

బిగించే పద్ధతి ఇది. చక్రం గాలిలో ఉండగా నట్లన్నీ చేత్తో తిప్పి, చక్రాన్ని కాస్త కదిలిస్తూ, ఎదురెదురు నట్లని కొద్దికొద్దిగా బిగించాలి. కిందికి దించాక టార్క్ రెంచ్‌తో పూర్తి బిగింపు ఇవ్వాలి. అంకె బండి పుస్తకంలో ఉంటుంది, బండికీ బండికీ చాలా తేడా ఉంటుంది. 2016 నుంచి 2023 దాకా వచ్చిన టాకోమాకి 113 న్యూటన్ మీటర్లయితే, ఈ కాలపు ఫోర్డ్ ఎఫ్-150కి 204. అందాజుగా బిగించేవాళ్లు ఎవరైనా సరే ఈ తేడా పట్టలేరు. తక్కువైతే వదులవుతుంది, ఎక్కువైతే, ముఖ్యంగా ఒక్కో నట్టు ఒక్కోలా బిగిస్తే, నట్టు ఎక్కే బోల్టు (స్టడ్) సాగిపోవచ్చు, బ్రేకు డిస్క్ కూడా వంకర పోయి బ్రేకు నొక్కినప్పుడల్లా కొత్త అదురు మొదలవ్వచ్చు. కొత్త రిమ్ములు వేసిన 80, 100 కి.మీ. తర్వాత మళ్లీ ఒకసారి రెంచ్ పెట్టి చూడాలి.

హబ్ ముఖం సంగతీ అంతే. పాత చక్రం తీసినచోట తుప్పు పొరలుగా లేచి ఉంటుంది. కొన్ని బండ్లకి ఫ్యాక్టరీలో డిస్క్ జారకుండా స్టడ్‌లకి పల్చటి రేకు క్లిప్పులు పెడతారు. కంపెనీ రిమ్ము వెనక వాటికి గూడు ఉంటుంది, కొత్త రిమ్ముకి ఉండకపోవచ్చు. ఆ రేకు మధ్యలో ఇరుక్కుంటే చక్రం ఒక పక్కకి వాలి, తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. వైర్ బ్రష్‌తో రెండు నిమిషాల పని.

మెషీన్ కూడా తప్పు చూపించగలదు

మెషీన్ మీద ఉన్న చక్రాన్ని పరీక్షించడానికి ఒక చక్కటి పద్ధతి ఉంది. ఏ షాపులోనైనా మర్యాదగా అడిగితే చేసి చూపిస్తారు. బ్యాలెన్సింగ్ పూర్తయి స్క్రీన్ మీద సున్నా వచ్చాక, చక్రాన్ని మెషీన్ నుంచి తీయకుండా బిగింపు మాత్రం వదులు చేసి, షాఫ్ట్ కదలకుండా పట్టుకుని చక్రాన్ని సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. చక్రం అదే, బరువులు అవే. కాబట్టి మళ్లీ సున్నా దగ్గరే రావాలి. 20, 30 గ్రాములు అడిగిందంటే చక్రం ఆ మెషీన్ మీదే మధ్యలో కూర్చోలేదు. అంతకుముందు వేసిన బరువుల్లో కొన్ని ఆ తప్పుని సరిదిద్దడానికి వేసినవే, చక్రంలోని తేడాని కాదు.

ఇలా అవ్వడానికి కారణాలు చిన్నవే. షాఫ్ట్ మీదో, కోన్ మీదో మట్టి. సైజుకి సరిపోని కోన్. కోన్‌ని ముందు వైపు నుంచి పెట్టడం. చాలా రిమ్ముల మధ్య రంధ్రం వెనక వైపే కచ్చితంగా కోసి ఉంటుంది, ముందు వైపు క్యాప్ కోసం, పెయింటు కోసం వదిలేసిన అంచు. కోన్ వెనక నుంచి వస్తేనే చక్రం నిజంగా మధ్యకొస్తుంది.

బరువులు ఎక్కడ వేస్తున్నారో కూడా గమనించండి. వెడల్పాటి రిమ్ములకి లోపలి అంచు దగ్గరొక వరస, స్పోక్‌ల వెనక ఇంకొక వరస, రెండు చోట్ల వేయాలి. "బయటికి కనిపించకూడదు" అనే పట్టింపుతో ఒకే వరసలో అతికిస్తే చక్రం పైకీ కిందికీ ఎగరడం ఆగుతుంది కానీ పక్కలకి ఊగడం ఆగదు. ఆ ఊగుడు నేరుగా స్టీరింగ్‌కి చేరుతుంది.

బురదలో తిరిగిన బండి అయితే అన్నిటికంటే ముందు రిమ్ము లోపలి గిన్నెలో చెయ్యి పెట్టి చూడండి. అరచేతి మందాన ఎండిన మట్టి పెళ్ల 100 గ్రాములుండటం పెద్ద విషయం కాదు. ఒత్తిడితో నీళ్లు కొడితే ఊడిపోయే సమస్యకి షాపుల చుట్టూ తిరిగేవాళ్లున్నారు.

గుండ్రంగా ఉండటం వేరు, గుండ్రంగా దొర్లడం వేరు

ట్రక్ టైరు 600 కిలోలు మోస్తున్నప్పుడు సుమారు పాతిక మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. అంటే ఒక్కో మిల్లీమీటరుకి ఇరవై పైచిలుకు కిలోలు. ఈ లెక్కన టైరు ఒకచోట ఒక మిల్లీమీటరు ఎత్తు ఎక్కువున్నా, అక్కడ రోడ్డు మీద దెబ్బ బలం ఇరవై కిలోలకి పైగా మారుతుంది. పైన చూసిన 30 గ్రాముల తేడా తెచ్చింది 3 కిలోలే. మెషీన్‌కి కనిపించని లోపం, కనిపించేదానికంటే ఎన్ని రెట్లు పెద్దది కాగలదో చూడండి. పైగా ఎత్తుపల్లాలే కాదు, టైరు గోడ ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉన్నా ఇదే జరుగుతుంది. అలాంటి టైరు గాలిలో తిప్పితే నిక్కచ్చిగా గుండ్రంగానే కనిపిస్తుంది.

పెద్ద లోపమైతే 30, 40 వేగంలోనే బండి పడవలా ఊగుతుంది. బ్యాలెన్స్ తప్పిన చక్రం అంత తక్కువ వేగంలో ఊగించలేదు కాబట్టి ఈ గుర్తు కనిపిస్తే బ్యాలెన్సింగ్ మాట ఎత్తాల్సిన పనే లేదు. రిమ్ము వంగింది, లేదా టైరు బెల్టు చెడింది. చిన్న లోపమైతే మాత్రం అది కూడా 100 దగ్గరే బయటపడుతుంది, అక్కడే తికమక వస్తుంది.

ఇంటి దగ్గర చూసుకోవడానికి జాకీ, స్టాండు చాలు. మిగతా చక్రాలకి అడ్డు పెట్టి, చూడాల్సిన చక్రాన్ని లేపి, టైరుకి దగ్గరగా ఏదైనా కదలని ఆధారం మీద పెన్సిల్ నిలబెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పండి. మడ్ టైర్ల గడ్డల మధ్య సందుల వల్ల కన్ను మోసపోతుంది. ట్రెడ్ మధ్యలో చుట్టూతా టేపు చుడితే నునుపైన గీత దొరుకుతుంది. రిమ్ము అంచుని కూడా అలాగే చూడాలి. కచ్చితమైన కొలత కావాలంటే డయల్ గేజ్ పెట్టాలి. అంకెలు కంపెనీని బట్టి మారతాయి కానీ అలాయ్ రిమ్ము దగ్గర ముప్పావు మిల్లీమీటరు, టైరు దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే అనుమానించాల్సిందే.

ఎత్తు కనిపించినచోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. నట్లు విప్పి, చక్రాన్ని రెండు స్టడ్‌లు అవతలికి జరిపి బిగించి మళ్లీ తిప్పండి. గుర్తు పెట్టినచోటే ఎత్తుగా ఉంటే లోపం చక్రంలోనే ఉంది. ఎత్తు పాత స్టడ్ దగ్గరే ఉండిపోయి చాక్ గుర్తు మాత్రం జరిగిందంటే తప్పు హబ్‌ది. చవకైన పరీక్ష, కానీ దీనికి ఎదురులేదు.

లోపం టైరుదని తేలితే, దాన్ని రిమ్ము మీద తిప్పి వేయడం మొదటి మందు. టైరు ఎత్తు, రిమ్ము పల్లం ఒకచోటికి వస్తే చాలావరకు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. కొత్త టైర్ల మీద ఎర్ర చుక్క ఉంటే అది ఇలా గట్టిగా తగిలే చోటుకి గుర్తు, పసుపు చుక్క తేలికైన చోటుకి. రిమ్ము మీద పల్లం గుర్తు ఉంటే ఎర్ర చుక్కని దానికి, లేకపోతే పసుపు చుక్కని వాల్వు పక్కకే తెచ్చి పెట్టడం వాడుక. అందరు తయారీదారులూ రెండు చుక్కలూ వేయరు. ఈ పనంతా కొలిచి చేసే మెషీన్లు ఉన్నాయి. తిరిగే టైరు మీద బరువైన రోలర్ నొక్కి, ఎక్కడ ఎంత గట్టిగా తగులుతోందో చూపించి, టైరుని రిమ్ము మీద ఎటు తిప్పాలో చెబుతాయి. వీటినే రోడ్ ఫోర్స్ బ్యాలెన్సర్లు అంటారు. రెండుసార్లు మామూలు బ్యాలెన్సింగ్ చేయించినా అదురు పోకపోతే మూడోసారి ఇలాంటి మెషీన్ ఉన్న షాపుకే వెళ్లాలి. నాలుగు చక్రాల అంకెలూ ప్రింటు తీసుకోండి. ఒక టైరు మిగతా మూడింటి కంటే బాగా ఎక్కువ చూపిస్తే వారంటీ మాట్లాడటానికి ఆ కాగితమే ఆధారం.

టైరు అంచు రిమ్ములో పూర్తిగా కూర్చోకపోయినా ఇదే లక్షణం. టైరు గోడ మీద, రిమ్ము అంచుని ఆనుకుని చుట్టూతా ఒక సన్నటి గీత అచ్చు వేసి ఉంటుంది. ఆ గీతకీ రిమ్ముకీ మధ్య దూరం అన్నిచోట్లా సమానంగా ఉండాలి. ఒకచోట గీత లోపలికి మునిగి ఉంటే గాలి తీసి, సబ్బు రాసి మళ్లీ కూర్చోబెట్టాలి. ఆ తడి ఆరకముందే గట్టిగా తొక్కడం, సడెన్ బ్రేకులు వేయడం చేస్తే టైరు రిమ్ము మీద జారి, చేసిన బ్యాలెన్సింగ్ అంతా గంగలో కలుస్తుంది. వాల్వు ఎదురుగా టైరు మీద గుర్తు పెట్టుకుంటే జారిందో లేదో మర్నాడే తెలుస్తుంది.

కొత్త టైర్లు బయటపెట్టిన పాత జబ్బులు

చక్రాలు మార్చాకే అదురు వచ్చింది కాబట్టి చక్రాలే కారణం అనుకోవడం సహజం, కానీ ఎప్పుడూ నిజం కాదు. ట్రక్కుల కోసం చేసే ఎల్‌టీ రకం టైరు మామూలు కారు రకం టైరు కంటే బరువు, గోడలు గట్టి. కొత్త రిమ్ము బయటికి పొడుచుకొచ్చే రకమైతే స్టీరింగ్ ఇరుసుకీ టైరు మధ్యభాగానికీ దూరం పెరిగి, చక్రంలోని ప్రతి చిన్న కుదుపూ స్టీరింగ్‌ని ఎక్కువ పట్టుతో తిప్పుతుంది. అరిగిన బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు వంటి కీళ్లు, ఆయిల్ కారిన షాకబ్జార్లు మెత్తటి పాత టైర్ల చాటున నెట్టుకొచ్చి ఉంటాయి, ఇప్పుడు దొరికిపోతాయి. చక్రాన్ని లేపి పైనా కిందా, ఆ తర్వాత పక్కలా పట్టుకుని ఊపితే కీళ్లలో లూజు ఉందో లేదో తెలుస్తుంది.

టైర్లతోపాటు బండి ఎత్తు కూడా పెంచి ఉంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి ఉంటుంది. ఫోనులో 41, 82 కనిపించేది ఇలాంటి బండ్లలోనే. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న పొడుగు పికప్‌లలో మధ్య బేరింగు కూడా చూడాలి. దీనికి టైరు షాపులో మందు లేదు.

అలైన్‌మెంట్ చేయిస్తే అదురు పోతుందనే మాట కూడా వినిపిస్తుంది. అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకి లాగుతుంది, టైర్లు ఒకవైపు అరుగుతాయి. ఆ అరుగుదల ముదిరాక అదురు రావచ్చు తప్ప, కొత్త టైర్లకి మొదటిరోజే వచ్చిన అదురుకి అది కారణం కాదు.

గాలి సంగతి ఒక్క మాట. తలుపు పక్కన స్టిక్కర్ మీది అంకె ఫ్యాక్టరీ సైజు, ఫ్యాక్టరీ రకం టైరుకి. ఎల్‌టీ రకం అదే బరువు మోయడానికి కొంచెం ఎక్కువ గాలి అడుగుతుంది. అలాగని టైరు కూర్చోబెట్టడానికి నింపిన గాలిని దించకుండానే పంపితే రోడ్డు మీది ప్రతి గరుకూ లోపలికి వస్తుంది. రోజుల తరబడి కదలకుండా నిలబెట్టిన బండికి టైర్లు కింద చదునవుతాయి. అది 20, 30 నిమిషాలు నడిపాక వేడెక్కి సరవుతుంది. అందుకే అదురు పరీక్ష ఏదీ చల్లటి టైర్లతో చేయకూడదు.

ఇవన్నీ దాటాక కూడా పెద్ద గడ్డల మడ్ టైర్లలో సన్నటి గరగర కొంత మిగులుతుంది. అది లోపం కాదు, ఆ ట్రెడ్ స్వభావం. ఒక్కో గడ్డా రోడ్డుని తాకే చప్పుడు అది. వేగంతోపాటు దాని స్వరం పెరుగుతూ పోతుంది కానీ ఒక వేగం దగ్గర ఎగిరి, దాటాక తగ్గదు. స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనించినప్పుడు 100 దగ్గర సెకనుకి 11 సార్లు కొట్టే కుదుపు లేకుండా ఆ గరగర ఒక్కటే ఉందంటే, ఇక మెషీన్ ఎక్కించాల్సిన పని లేదు.